ఎద్దు లేచిన నాలుగు నిమిషాలు

మా బోధన్‌లో ఒక సినిమా గురించి రెండేళ్లుగా ఒక మాట నడుస్తోంది. అందులో అసలైన సీను ఒకటి ఉండేదని, దాన్ని బొంబాయిలో ఎవరో పెద్ద ఆఫీసర్లు తీసేశారని, మన ఊరి మనిషి సెన్సార్ బోర్డులో ఉండబట్టి మిగతా సినిమా అయినా బతికి బయటపడిందని. ఆ మన ఊరి మనిషిని నేనే. ఎవరైనా నా ఎదురుగా ఆ మాట అంటే నేను కాదనలేదు. ఒకటి రెండుసార్లు తల కూడా ఊపాను. ఒకసారి దాని పేరు మీద శాలువా కప్పించుకున్నాను.

ఆ సీనును బొంబాయిలో ఎవరూ చూడలేదు. హైదరాబాద్‌లో, అయిదుగురం కూర్చున్న ఒక చిన్న హాల్లో, నేనే తీసేయించాను. ఎందుకు తీసేయించానో ఇన్నాళ్లూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

నేను నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాను. ఇల్లు బోధన్‌లో. సినిమాల గురించి నాకు తెలిసింది, ఆదివారం టీవీలో వచ్చినవాటిని సగం నిద్రలో చూడటమే. అయినా సెన్సార్ బోర్డు సలహా సభ్యుల్లో నా పేరు చేరింది. మా వైపు ఒక నాయకుడికి నేను ప్రసంగాలు రాసిపెట్టేవాణ్ని. ఆయన ఒకరోజు నలుగురిలో, "సారుకు ఏదన్న ఒకటి ఇప్పియ్యాలె" అన్నాడు. గ్రంథాలయ కమిటీలో ఖాళీ లేదు. మార్కెట్ కమిటీకి పోటీ ఎక్కువ. చివరికి నాకు సినిమాలు మిగిలాయి.

అక్కడ పని ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఏ సినిమా అయినా హాల్లో ఆడాలంటే ముందు సర్టిఫికెట్ కావాలి. సినిమాను నలుగురు సభ్యులు, ఒక ఆఫీసరు కూర్చుని చూస్తారు. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లుండాలి. చూశాక ఎవరి కాగితం వాళ్లు రాయాలి. తర్వాత మాట్లాడుకుని, సినిమా తీసినవాళ్లను లోపలికి పిలిచి చెప్తారు. అందరూ చూడొచ్చా, పిల్లలు పెద్దవాళ్లతో కలిసి చూడాలా, పెద్దవాళ్లే చూడాలా, ఏవైనా తీసేయాలా అని. జనం అనుకున్నట్టు మా చేతుల్లో కత్తెర ఉండదు. మేం చెప్తాం, వాళ్లే కోసుకుని వస్తారు. ఇంతకంటే సుఖమైన పద్ధతి నేను ఇంకెక్కడా చూడలేదు.

మొదట్లో నేను చాలా ఉత్సాహంగా ఉండేవాణ్ని. చీకట్లో రాయడానికి చిన్న లైటున్న పెన్ను కొన్నాను. ఒక సినిమాలో హీరో ఒకణ్ని పన్నెండు దెబ్బలు కొట్టాడు. నేను లెక్కపెట్టి, సగానికి తగ్గించాలని రాశాను. మాతో ఉన్న సభ్యురాలు ఒకావిడ, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, నా కాగితం చూసి నెమ్మదిగా అడిగింది. "ఏ ఆరు, సార్?" చివరి ఆరు అన్నాను. వాడు చచ్చేది పదకొండో దెబ్బకని ఆవిడ గుర్తు చేసింది. తీసేస్తే ఇంటర్వెల్ తర్వాత కూడా వాడు బతికే ఉండాలి.

అన్నిటికంటే నాకు నచ్చింది ఇంకొకటి. సినిమా మొదలయ్యే ముందు తెర మీద సర్టిఫికెట్ వేస్తారు కదా, అందులో చూసిన సభ్యుల పేర్లు ఉండేవి. నా పేరున్న మొదటి సినిమా నిజామాబాద్‌కు రాగానే ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లాను. పేరు కనబడింది, పోయింది. తర్వాత నేను చాయ్ తాగడానికి బయటికి వచ్చేశాను. ఇంటికి వచ్చేటప్పుడు మా ఆవిడ అంది. "పది సెకన్ల పేరు కోసం మూడు గంటలు కూసోవెట్టినవ్. గా పేరు మన గేటు మీద గూడ ఉన్నది, ఎప్పుడంటె అప్పుడు సూసుకుంటం గదా."

ఇక సినిమా సంగతి. బోధన్‌లో పెళ్లిళ్లకు వీడియో తీసే ఆయన ఒకడున్నాడు. నాకంటే నాలుగైదేళ్లు చిన్న. మా ఇంటి గృహప్రవేశం వీడియో తీసింది అతనే. వాళ్ల ఊరు రెంజల్ దగ్గర. మా అత్తగారి ఊరికి, వాళ్ల ఊరికి మధ్య ఒక కాలువే అడ్డం. అతని తండ్రి చెరుకు రైతు. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఎడ్లబండి మీద చెరుకు తోలి, అది మూతపడ్డాక అదే బండి మీద బెల్లం గానుగకు తోలుతున్న ముసలాయన. అందరూ ట్రాక్టర్లకు మారినా ఆయన మారలేదు. కొడుకు తన పెళ్లిళ్ల కెమెరాతోనే, ఒక పంట కాలమంతా తండ్రి వెంట తిరిగి, సినిమా తీశాడు. అందులో నటులు లేరు. ముసలాయన, ఆయన రెండు ఎడ్లు, కోతకు వచ్చిన కూలీలు, అంతే.

ఈ సినిమా తీస్తున్నాడని ఊళ్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. "మావాడు పెద్ద డైరెక్టరైండు" అని నవ్వేవాళ్లలో నేనూ ఒకణ్ని.

ఒకరోజు హైదరాబాద్‌కు రమ్మని ఫోన్ వచ్చింది. వెళ్లాను. సినిమా మొదలయ్యే ముందు ఆఫీసరు మామూలుగా అడిగే ప్రశ్న అడిగింది. ఈ సినిమావాళ్లతో ఎవరికైనా పరిచయం గాని, సంబంధం గాని ఉందా అని. కాగితం మీద ఏదో సంస్థ పేరుంది, మనిషి పేరు లేదు. లేదన్నాం. లైట్లు ఆరిపోయాయి. తెర మీద మా ఊరి పెళ్లి వీడియోల ఆయన పేరు పడింది. అప్పుడు చెయ్యెత్తి, నాకు తెలిసినవాడు, నేను బయట కూర్చుంటాను అనాలి. అది నియమం. నేను అనలేదు. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నా ఉద్దేశం చెడ్డది కాదు. ఇది అయ్యాక బయటికి వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేసి, మనవాడివని ఒక్క కోతా లేకుండా చూశాను అని చెప్పుకోవచ్చని అనుకున్నాను.

సినిమా బాగుంది. ఇది కూడా ఇక్కడ రాయాలి, ఎందుకంటే ఆ రోజు నా కాగితంలో రాయలేదు. చెరుకు కోస్తున్న చప్పుడు తప్ప ఏమీ లేకుండా చాలాసేపు నడుస్తుంది. లైటు పెన్ను జేబులోనే ఉండిపోయింది.

ఒక గంట గడిచాక కాలువ కట్ట వచ్చింది. పొలాల మధ్య బాట, ఎత్తుగా కట్ట మీదికి ఎక్కుతుంది. నిండా చెరుకు వేసిన బండి ఆ ఎత్తు ఎక్కుతోంది. కెమెరా కాలువకు అవతల ఎక్కడో ఉంది. బండి సగం ఎక్కింది. అప్పుడు హారన్ మోగింది.

ఆ హారన్ నేను గుర్తు పట్టాను. తర్వాత చోటు గుర్తు పట్టాను. తర్వాత చొక్కా. బండి వెనక, మోటారు సైకిల్ మీద, ముందు సంచి పెట్టుకుని ఒక తెల్ల చొక్కా మనిషి. బొటనవేలు హారన్ మీద పెట్టి తీయడం లేదు.

అంతకు ముందు సంవత్సరం సంగతి అది. అత్తగారి ఊళ్లో ఉండి, పొద్దున బోధన్‌కు బయల్దేరాను. బోర్డుకు వెళ్లడం నాకు రెండోసారో మూడోసారో. బస్సు దాటిపోతుందని తొందర. ఆ మధ్యే మోటారు సైకిల్‌కు లారీ హారన్ లాంటిది ఒకటి పెట్టించాను. ముందు ఎడ్లబండి, పక్కకు పోవడానికి దారి లేదు. ఇది జరిగిందని నేను నిజంగానే మర్చిపోయాను. మర్చిపోవడానికి నాకు పెద్దగా కష్టం కాలేదు.

తెర మీద హారన్‌కు ఎడమ వైపు ఎద్దు ఉలిక్కిపడింది. కాలు జారింది. ముందు మోకాళ్ల మీద కూలబడింది. బండి వెనక్కి జారుతుంటే ఇద్దరు కూలీలు పరుగెత్తి చక్రాల కింద రాళ్లు పెట్టారు. అప్పుడు నా గొంతు వినిపించింది. బండి కింద ఎక్కడో మైకు పెట్టి ఉంటాడు. ఒక్క అక్షరం పోలేదు.

"ఓ ముసలాయనా, తొవ్వ నీ ఒక్కనిదా? నాకు హైదరాబాదుల బోర్డు మీటింగున్నది. బస్సు పోతె నువ్వు తోలిస్తవా గీ ఎడ్లబండి మీద?"

ముసలాయన వెనక్కి తిరగలేదు. "జర ఆగు సారూ. అది లేస్తది. గా హారను ఒక్కటి ఆపు" అన్నాడు.

కాసేపటికి ఆపాను. ఆయన చెర్నకోలను బండి మీదికి విసిరేశాడు. ఎద్దు మెడ మీద కాడిని వదులు చేశాడు. పక్కన గొంతుక్కూర్చుని, మెడ కింద రాస్తూ, చెవి దగ్గర ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. ఏం చెప్పాడో మైకుకు కూడా అందలేదు. కొట్టలేదు, తోక మెలిపెట్టలేదు. చాలాసేపటికి ఎద్దు ఒక కాలు మడిచి ఎత్తింది. తర్వాత రెండోది. లేచి నిలబడి తల విదిలించింది. కూలీలిద్దరూ నవ్వారు. బండి కట్ట ఎక్కింది. తెల్ల చొక్కా మనిషి దుమ్ము లేపుకుంటూ దాన్ని దాటిపోయాడు.

మొత్తం నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ అతను మోటారు సైకిల్ దిగలేదు.

హాల్లో ఎవరూ నన్ను గుర్తు పట్టలేదు. తెర మీద నేను వేలెడంత ఉన్నాను. అక్కడ అరిచింది ఊరి యాస, బోర్డులో నేను మాట్లాడేది పుస్తకాల తెలుగు. హైదరాబాద్‌లో వేలెడంత మనిషిని ఎవరు చూస్తారు. కాని బోధన్‌లో చూస్తారు. ఆ హారన్‌ను మా వీధిలో కుక్కలు కూడా గుర్తు పడతాయి.

లైట్లు వెలిగాయి. చాయ్, బిస్కట్లు వచ్చాయి. హెడ్‌మిస్ట్రెస్ కళ్లద్దాలు తుడుచుకుంటూ, "పిల్లలకు చూపించాల్సిన సినిమా. ఏం తీయక్కర్లేదు" అంది. మిగతా ఇద్దరూ సరే అన్నారు. ఆఫీసరు కాగితాలు తిరగేసి ఒక సందేహం చెప్పింది. సినిమాలో జంతువులతో పని చేయిస్తే ముందే అనుమతి తీసుకోవాలి. ఇతను తీసుకోలేదు. తీసుకోవాలని తట్టి ఉండదు కూడా. వాళ్ల ఇంట్లో ఎడ్లు రోజూ పోయే పనికి పోయాయి. ఇతను కెమెరా పట్టుకుని వెంట పోయాడు, అంతే. దానికి కాగితం కావాలని మా వైపు ఏ రైతు కొడుకూ అనుకోడు.

"రోజువారీ పనిని చూపించారంటే చూసీ చూడనట్టు పోవచ్చు" అంది ఆఫీసరు. "ఆ ఎద్దు పడిపోవడం ఒక్కటే. అది నిజంగా పడిందా, షూటింగ్ కోసం పడేశారా?"

"నాకైతే నిజంగానే పడినట్టుంది" అంది హెడ్‌మిస్ట్రెస్. "సార్‌ది ఆ ప్రాంతమే కదా. సార్ చెప్పాలి."

అందరూ నా వైపు తిరిగారు. ఆ గదిలో ఎడ్లబండి గురించి నోరు విప్పే అర్హత నా ఒక్కడికే ఉంది. ఆ ఎద్దు ఎందుకు పడిందో దేశం మొత్తం మీద బాగా తెలిసిన మనిషిని నేనే.

"మా వైపు ఎడ్లు అట్లా పడవు మేడమ్" అన్నాను. "చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఇది హారన్ కొట్టించి పడేసినట్టే ఉంది. మూగజీవి కదా."

మూగజీవి అన్నప్పుడు నా గొంతు కొంచెం వణికింది కూడా. అది వాళ్లు జాలి అనుకున్నారు.

ఆ తర్వాత ఎవరూ వాదించలేదు. ఆ ప్రాంతం మనిషే చెప్తున్నాడు, ఇంకేం అడుగుతారు. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా తీయాలో కూడా నేనే చెప్పాను. హారన్ మోత మొదలైన చోటి నుంచి, ఎద్దు లేచి బండి కట్ట ఎక్కేదాకా. ఆ రోజు కాగితం నా చేతిరాతల్లోకెల్లా అందమైన రాతతో రాశాను.

సినిమా తీసినాయన్ను లోపలికి పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో ఫైలు పట్టుకుని వచ్చాడు. నన్ను చూశాడు. అతని ముఖంలో ఒక్కసారిగా ధైర్యం వచ్చింది. మంచివాడు, పరిచయం ఉన్నట్టు కనబడనివ్వలేదు. ఆఫీసరు చెప్పింది. అందరూ చూడొచ్చు, ఒక్క కోత. లేదంటే అనుమతి కాగితం తెచ్చుకోవాలి. కాదనుకుంటే పై కమిటీకి వెళ్లొచ్చు.

"మేడమ్, దాన్ని ఎవ్వరు పడెయ్యలే" అన్నాడు. "అదే పడ్డది. మా బాపు దాన్ని కొట్టకుంట లేపిండు. గదే నా సిన్మా మేడమ్."

"పడేయలేదని చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

అతను నా వైపు చూశాడు. నేను బిస్కట్‌ను చాయ్‌లో ముంచాను. అది విరిగి కప్పులో పడిపోయింది. దాన్ని స్పూనుతో తీసే పనిలో ఉండిపోయాను.

పై కమిటీకి వెళ్తే ఎన్ని నెలలో తెలియదు. బోధన్‌లో ఉన్న ఒకే ఒక్క పాత సినిమా హాలును ఫంక్షన్ హాలు చేస్తున్నారు. తర్వాతి శుక్రవారం తప్పితే ఇక తండ్రికి సొంత ఊరి తెర మీద చూపించే వీలు లేదు. ముసలాయన హైదరాబాద్ వచ్చేవాడు కాదు. కొడుకు కోతకు ఒప్పుకున్నాడు.

మెట్ల దగ్గర నా కోసం నిలబడ్డాడు. నా రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు ఉండవట్టి గీ ఒక్కటే పోయింది అన్నా. లేకుంటె ఎన్ని పోతుండెనో" అన్నాడు. నేను, "చూడాలె మరి మనోళ్లను" అన్నాను.

శాలువా ఆ వారంలోనే కప్పారు. స్థానిక కళాకారుడికి అండగా నిలిచినందుకట. సభలో పది నిమిషాలు మాట్లాడాను. సినిమా సమాజానికి అద్దం అన్నాను.

శుక్రవారం మ్యాట్నీకి హాలు నిండింది. ముసలాయన ఊరి నుంచి జనం ట్రాక్టర్ ట్రాలీలో వచ్చారు. కొందరు మరాఠీ కూలీలు కూడా వచ్చారు, చెరుకు కోస్తూ తెర మీద కనబడతామని. ముసలాయన ఉతికిన ధోవతి, తెల్ల అంగీ వేసుకుని మధ్య వరసలో కూర్చున్నాడు. ఆయనకు తెర మీద మాటలు తక్కువ, నడక ఎక్కువ. కాని కట్ట సీను గురించి ఊళ్లో ఆరు నెలలుగా చెప్తున్నాడు. ఎద్దును మాటతోనే లేపిన, మావోడు పట్టిండు, సూద్దురు అని. ఆ ఎద్దు వేసవిలోనే చచ్చిపోయింది. మళ్లీ తీయడానికి లేదు.

సర్టిఫికెట్ పడింది. నా పేరు పడింది. హాలంతా ఈలలు. నా వెనక కూర్చున్న ఎవరో భుజం తట్టారు. ఆ రోజు మాత్రం నేను చాయ్‌కి వెళ్లలేకపోయాను.

గంట తర్వాత బండి కట్ట ఎక్కడం మొదలుపెట్టింది. మరుక్షణం గానుగ దగ్గర ఉంది.

నా వెనక వరసలో ముసలాయన ఊరివాళ్లే ఇద్దరు. ఒకడన్నాడు, "ఏందే, కాలువ కాడ మాయమై గానుగ కాడ తేలిండు."

రెండోవాడు, "మరి ఎద్దును లేపుడేదిరా?"

"లేపిండు కావచ్చు. కలల."

నవ్వులు ముందు వరసల దాకా వెళ్లాయి. ముసలాయన కొడుకు వైపు వంగాడు. చుట్టూ నిశ్శబ్దమైంది కాబట్టి అందరికీ వినిపించింది. "గా కట్ట మీది ముచ్చటేది బిడ్డా?"

"తీసేసిండ్రు బాపు. బొంబాయోళ్లు."

"ఎందుకు?"

"ఎద్దును బాధ వెట్టినమట."

ముసలాయన కాసేపు తెర వైపే చూశాడు. "మనమా?" అన్నాడు.

తర్వాత సినిమా అయ్యేదాకా ఆయన తల ఎత్తి చూసినట్టు నాకు అనిపించలేదు. బయట జనం నాతో చేతులు కలుపుతున్నారు. ట్రాలీ ఎక్కబోతూ ముసలాయన నన్ను చూసి ఆగాడు. దగ్గరికి వచ్చాడు.

"సారూ, గా దినం బస్సు అందిందా మరి?" అని అడిగాడు.

వెటకారం కాదు. ఆయన ముఖం బాగా వెతికాను, లేదు. అందింది అన్నాను. "మంచిగైంది" అని ట్రాలీ ఎక్కి కూర్చున్నాడు.

ఇది జరిగి రెండేళ్లు. నా సభ్యత్వం ముగిసింది, మళ్లీ ఇవ్వలేదు. నాతో ప్రసంగాలు రాయించుకున్న నాయకుడు ఓడిపోయాడు. ఆయనా, నేనూ ఇంట్లోనే ఉంటున్నాం. హారన్ మార్పించాను. దానితో తీరిపోతుందనుకున్నాను. కాని అత్తగారి ఊరికి వెళ్లినప్పుడల్లా కాలువ అవతలి సంగతులు తెలిసేవి. ముసలాయన రచ్చబండ దగ్గర కూర్చోవడం మానేశాడని, కూర్చుంటే ఎవడో ఒకడు, "తాతా, నా మోటారు లేస్తలేదు, జర వచ్చి చెవుల చెప్పు" అంటాడని. బండి అమ్మేశాడని.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం వీడియోల ఆయన దుకాణానికి వెళ్లాను. మా అమ్మాయి పెళ్లికి మాట్లాడాలని వంక. కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. పెళ్లి సంగతి ఎత్తకుండానే చెప్పేశాను. ఎద్దును పడేశారని చెప్పింది నేను, పడగొట్టింది నేను అని.

అతను ఆశ్చర్యపోలేదు. "నాకెరికే అన్నా" అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"మూడు నెలలు కూసోని ఎడిటింగ్ చేసిన. నీ హారను రోజుకు వందసార్లు ఇన్న. నిన్ను గుర్తు వట్టనా?"

"మరి లోపల నన్ను చూసినప్పుడు?"

"దేవుడు సల్లగుండ, సాక్షే లోపల ఉన్నడు, ఎవ్వరు పడెయ్యలేదని చెప్తడు అనుకున్న." కంప్యూటర్ మీద దుమ్ము తుడిచాడు. "గా మేడమ్ అడిగినప్పుడు నువ్వు బిస్కట్ ఏరుకుంటున్నవ్. అప్పుడు సమజైంది."

"మెట్ల దగ్గర నా చేతులు పట్టుకున్నావు కదా."

"బోర్డు మెంబరువైతివి. రెండో సిన్మాకు మల్ల నీ దగ్గరికే రావాలె గదా అన్నా."

తర్వాత అతనే చెప్పాడు. సర్టిఫికెట్ వచ్చిన సినిమాకు కూడా తీసేసిన ముక్కను కలపడానికి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చట. ఫంక్షన్ హాల్లోనైనా తెర కట్టి ఊరికి చూపిస్తాడట. "నువ్వు రాసిస్తవా? నువ్వు చూసింది చూసినట్టు. ఎద్దుకు యజమాని బాపు గూడ ఏలిముద్ర వెయ్యాలె." అడిగిన తీరులో బతిమాలడం లేదు. రాసిస్తానన్నాను. సీను వెనక్కి వస్తే తెల్ల చొక్కా కూడా వెనక్కి వస్తుందని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

మర్నాడు కాగితం రాసుకుని ముగ్గురం ముసలాయన ఇంటి ముందు మంచం మీద కూర్చున్నాం. నేను చదివి వినిపించాను. ఫలానా రోజు పొద్దున నేను వెనక నుంచి ఆపకుండా హారన్ కొట్టడం వల్ల ఎద్దు బెదిరి పడిందని, నేను ఆ పెద్దాయన్ను కేకలేశానని, ఆయన ఎద్దును కొట్టకుండా లేపాడని, తర్వాత బోర్డులో నేను అబద్ధం చెప్పానని.

ముసలాయన అంతా విన్నాడు. "మంచిగ రాసినవు సారూ. గా హారను ముచ్చట తీసెయ్యి" అన్నాడు.

"అదే అసలు సంగతి పెద్దాయనా."

"ఎద్దు బెదిరిందని రాయి, సాలు. దేనికి బెదిరిందో గాళ్లకెందుకు? బోర్డుల అబద్ధమాడిన అన్నది గూడ తీసెయ్యి. రేపు బిడ్డ పెండ్లి పెట్టుకున్నవ్. కాయితమెక్కితె పోదు."

"బాపు, గట్ల రాస్తెనే ఒప్పుకుంటరు" అన్నాడు కొడుకు.

"అయితె నేను ఏలు వెయ్య." చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"బొమ్మల సారు కొట్టొచ్చినట్టు కనవడతడు. గదెట్ల తీస్తవ్?" అన్నాడు కొడుకు.

"బొమ్మల అందరు నన్నే సూస్తరు" అన్నాడు ముసలాయన. "సారును ఎవ్వడు సూస్తడు?"

నేను బతిమాలాను. కొడుకు విసుక్కున్నాడు. ముసలాయన చుట్ట ముట్టించుకుని, మాతో ఇంక పని లేనట్టు కూర్చున్నాడు. ఒక గంట తర్వాత నేను ఇంకో కాగితం మీద ఆయన చెప్పినట్టు రాశాను. దారిన పోయే వాహనం శబ్దానికి ఎద్దు బెదిరి పడింది. యజమాని దాన్ని కొట్టకుండా లేపాడు. ఆ సమయంలో నేను అక్కడున్నాను. అప్పుడు ఆయన వేలిముద్ర వేసి, సిరా గోడకు రాసుకుని, "మల్ల ఎప్పుడు ఏస్తరు బిడ్డా? గా దినం హాల్ల నవ్విన ఇద్దర్ని ముందల కూసోవెట్టాలె" అని కొడుకును అడిగాడు.

దరఖాస్తు వెళ్లింది. జవాబు ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా, బోర్డు దగ్గరున్న కాగితంలో దారిన పోయే వాహనం అనే ఉంటుంది. ముసలాయన పట్టుబట్టి తీసేయించిన భాగం ఇక్కడ రాస్తున్నాను. ఆ వాహనం నాది. అంతకుముందు బోర్డులో ఎద్దును పడేశారని చెప్పినవాణ్ని కూడా నేనే.